అవసరమత్త సభకు పోయిన కథ

మద్రాసులో పాటకూ ఆటకూ పేరుపడ్డ ఆ సభ హాలును మరమ్మతు చేసి మళ్ళీ తెరిచారు. దాని చరిత్రనంతా పెద్ద పెద్ద పలకల మీద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేసి, లోపలికి పోయే దారి పొడుగునా గోడకు తగిలించారు. నేను బడికి పోయినదాన్ని కాదు. తమిళం కూడబలుక్కుని చదువుతాను. తెలుగు అక్షరాలు మా అత్త పెట్టిన భిక్ష. ఆ పలకల మీద లేని చరిత్ర ఒకటి మా ఇంట్లో ఉంది. దాన్ని ఆమె నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను. రాయిస్తున్న తిరుత్తణి స్వామికి దండం.

మాది పళ్ళిపట్టు పక్కన అత్తిమంజేరిపేట. మగ్గాల ఇల్లు. మా తాత నేసిన బట్టలు మూటగట్టుకుని మద్రాసు పోయి, అమ్ముకుని, సాయంత్రం రైలెక్కే ముందు ఆ సభ దగ్గరికి పోయేవాడు. అప్పట్లో అది కొబ్బరాకు కప్పిన కొట్టాయి, పెద్ద పాక. టికెట్టు ఉన్నవాళ్ళు లోపల, లేనివాళ్ళు తడికెల బయట. పాటకు తడికె అడ్డం కాదు గనక ఇద్దరికీ ఒకే కచేరీ. తర్వాత రేకులు వేశారు. వాన పడితే రేకుల మోతకు పాడేవాళ్ళు ఆగిపోయేవాళ్ళట. బయటివాళ్ళు తడుస్తూ, వాన నిలిస్తే పాట మళ్ళీ ఎత్తుకుంటారని అక్కడే నిలబడేవాళ్ళట.

ఆ తర్వాత పెద్ద కట్టడం లేచింది. సందు వైపు వరసగా ఇనప చువ్వల కిటికీలు. రిక్షావాళ్ళు, పూలమ్మేవాళ్ళు, మూట మీద కూర్చున్న మా తాత, అందరూ ఆ కిటికీల కింద. లోపలివాళ్ళు వీళ్ళను గోడరసికులని పిలిచి నవ్వుకునేవాళ్ళు. ఒకసారి లోపలి పెద్దమనిషి ఎవరో తాంబూలం నమిలి కిటికీలోంచి ఉమ్మితే తాత పంచె మీద పడింది. తాత ఆ మరక ఉతకనివ్వలేదని మా అవ్వ చెప్పేది. అంత పాట విన్న మనిషి నోటిదట అది. నేను చిన్నప్పుడు ఆ మాట విని తాత ఎంత మంచివాడో అనుకున్నాను. అత్త మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి అవతలికి పోయేది.

ఇంకొన్నాళ్ళకు సభకు ఏసీ పెట్టారు. చల్లదనం బయటికి పోకుండా సందు వైపు కిటికీలన్నీ ఇటుకలతో మూసేశారు. ఆ సంగతి తెలియక తాత ఎప్పటిలా పోయి గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. పాట లేదు. గోడ మాత్రం చల్లగా ఉందని ఇంటికి వచ్చి చెప్పాడు. ఆ రోజు అత్తను పక్కన కూర్చోబెట్టుకుని, లోపలికి పోతేనే ఇంక పాట, మనింట్లో నువ్వొకదానివన్నా లోపలికి పో అన్నాడట. అత్తకు ఆయన పాట నేర్పింది అందుకే. ఆయన పోయినాక కూడా ఆమె అది మరవలేదు. ఆ వేదిక మీద కూర్చుని ఒక్కసారి పాడాలి. ఆమెకు ఇంకో కోరిక ఉన్నట్టు నేను ఎరగను.

అత్త అంటే మా నాయనకు చెల్లెలు. మగ్గం దగ్గర కండెలు చుడుతూ పాడేది. ఒక ఆడికృత్తిక పండక్కు తిరుత్తణి కొండ మెట్లెక్కుతూ మావాళ్ళతో కలిసి ఆమె పాడుతుంటే, వెనక నుంచి మద్రాసు ఆవిడొకరు ఆగి విన్నారు. ఆమె నాట్యం నేర్పే టీచర్. ఆమె శిష్యురాళ్ళు ఆడేవన్నీ పదాలనే తెలుగు పాటలు, తెలుగు వచ్చినవాళ్ళు మాత్రం ఆ ఇంట్లో లేరు. మెట్ల మీదే అత్త చెయ్యి పట్టుకుని శనివారాలు వచ్చి మా పిల్లలకు పాడతావా అని అడిగారు.

అట్లా చాలా ఏళ్ళు శనివారం తెల్లవారగానే తిరుత్తణిలో రైలెక్కి, చీకటిపడే వేళకు తిరిగొచ్చేది. పిల్లలు ఆడతారు, అత్త పాడుతుంది. మాట మాటకూ అర్థం చెబుతుంది. ప్రోగ్రాములకు మాత్రం పేరున్న పాటగత్తె వచ్చి పాడేది. అత్తకు దాని మీద ఫిర్యాదు లేదు. పెద్ద సభలో మా కచేరీ వచ్చినప్పుడు నువ్వే పాడతావు అని టీచర్ దేవుడి ముందర చెప్పారు.

ఆ రోజు వచ్చింది. అత్త అందుకోసం తానే నేసుకున్న లక్క రంగు చీర కట్టుకుంది. పొద్దున్నించీ పులుపు ముట్టలేదు, గొంతు కోసం. తోడుగా మా నాయన పోయాడు. టీచర్ ఇంటివాళ్ళు ఆయనకొక పాసు ఇచ్చారు. అత్తను వేదిక వెనక గదిలో కూర్చోబెట్టారు. చీర మడత నలుగుతుందని ఆమె కుర్చీకి వెన్ను ఆనించలేదట.

కచేరీ మొదలయ్యే ముందు సభ సెక్రటరీ గది తలుపు దగ్గరికి వచ్చాడు. ఆయన మద్రాసులో ఎన్నో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబంవాడు. చదువుకున్న తెలుగు మాట్లాడతాడు. అత్తను చూసి, తెలుగామెతో తెలుగులోనే చెప్పడం మర్యాద అనుకున్నాడేమో, "అవసరం లేదమ్మా" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

ఇక్కడ మా ఊళ్ళ భాష గురించి ఒక మాట చెప్పాలి. మాకు అవసరమంటే తొందర. తమిళంలో ఎట్లానో మా తెలుగులోనూ అట్లానే. అవసరంగా తినొద్దు, పొరబోతుంది అంటాం. ఏం అవసరం, ఇంకో బస్సు ఉండాది అంటాం. కావలసినదాన్ని కావల్ల అంటాం, అక్కర్లేనిదాన్ని వద్దు అంటాం. సెక్రటరీ చెప్పింది, నీతో పనిలేదు, ఆ పేరున్న పాటగత్తె చివరి గడియలో ఒప్పుకుని వచ్చింది అని. అత్త విన్నది, తొందరేం లేదమ్మా, నిదానంగా ఉండు అని. ఎంత మర్యాదగా చెప్పాడో అని ఆమె ఆయనకు చేతులు కూడా జోడించింది.

తలుపు పక్కనే మా నాయన ఉన్నాడు. ఆయన బట్టలమ్మకానికి నగరి, పుత్తూరు, చిత్తూరు తిరిగినవాడు. సరిహద్దు అవతలివాళ్ళ తెలుగులో ఆ మాటకు అర్థం ఏమిటో ఆయనకు బాగా తెలుసు. ఆయనకు అక్కడికక్కడే అర్థమైంది. చెల్లెలికి చెప్పలేదు. చెబితే ఇంటికి పోదాం అంటుంది. చేతిలో పాసు ఉంది. పోయి లోపల కూర్చున్నాడు. ఈ సంగతి ఇంకెవరో చెప్పగా నేను రాయడం లేదు. ఆయనే చెప్పేవాడు, ప్రతి పెళ్ళిలోనూ, అందరూ ఆకుల ముందు కూర్చున్నాక.

"అంత చల్లగా ఉండాది. అట్టాంటి సీటు వదిలిపెట్టి యాడికి పోయేది? స్టేజీ మీద ఆ పిల్ల సామి రాలేదని సింగారించుకోని కాచుకోనుండాది. ఎనకాల ఇంకొకటి కాచుకోనుండాది. నాకు ఒకే టికెట్టుకు రెండు డాన్సులు."

ఇంత చెప్పి ఆయన చెయ్యి అత్త వైపు చూపేవాడు. అత్త వడ్డిస్తూ ఉండేది.

గోడలన్నీ మూసేసిన కట్టడం గనక వెనక గదిలోకి పాట రాలేదు. చప్పట్లు రాలేదు. కచేరీ మొదలైందనే అత్తకు తెలియదు. తొందర లేదన్నారు కాబట్టి కూర్చుంది. లోలోపల పదం మననం చేసుకుంటూ కూర్చుంది. ఆట అంతా ముగిసి పిల్లలు గజ్జెలు విప్పుకోవడానికి వచ్చారు. అందరూ ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళలో ఒక అమ్మాయి చెంపల రంగు తుడుచుకుంటూ, అక్కా, నువ్వింకా పోలేదా అని తమిళంలో అడిగింది.

"అవసరం లేదన్నారు కదమ్మా" అంది అత్త.

ఆ పిల్లలకు అంతకు ముందే తెలుసు ఎవరు పాడారో, ఎవరిని వద్దన్నారో. ముందు ఒకరు నవ్వారు. ఒకరు నవ్వాక ఆగుతుందా? టీచర్ కూడా తలుపు దాకా వచ్చి, విషయం విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అత్త వాళ్ళ నవ్వు చూసి, ఎందుకో తెలియకపోయినా తానూ నవ్వింది. అర్థం మా నాయన రైల్లో చెప్పాడు. అరక్కోణం దాటినాక చెప్పాడు, పెట్టెలో నలుగురు తెలిసినవాళ్ళు ఎక్కినాక.

మరుసటి శనివారం అత్త పోలేదు. ఎందుకు రాలేదని కబురూ రాలేదు. ఆమె నేర్పిన పిల్లలిద్దరు అప్పటికే పాడగలిగేవాళ్ళు.

ఇంట్లో ఆమెకు అవసరమత్త అని పేరు పడింది. ఎవరైనా ఆలస్యం చేస్తే, ఏంది, సభలో కూచున్నట్టు కూచున్నావే అనేవాళ్ళు. కొత్తగా వచ్చిన కోడళ్ళకు ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలియదు. పెద్దావిడకు అదే పేరనుకుని, అవసరమత్తా, అన్నం తిందువు రా అని ప్రేమగా పిలిచేవాళ్ళు. ఆమె వచ్చి తినేది. పాట మాత్రం మానేసింది. ఊరికే ఉండలేక ఆ పదాల్లోని అక్షరాలు నాకు నేర్పింది. కండెల బుట్ట పక్కన నేల మీద సుద్దతో రాసి దిద్దించింది. నా చదువంతా ఆమె మానేసిన పాటే. ఆమెకు జరిగింది జరగకపోతే నాకు అక్షరం రాదు. ఈ మాట రాయడానికి నాకే భయంగా ఉంది. అయినా పూజలో ఆమె పేరు చెప్పి దండం పెట్టుకుంటాను.

నన్ను తిరువళ్ళూరికి ఇచ్చారు. పిల్లలు పనుల్లో కుదురుకున్నాక అత్తను తెచ్చి నా దగ్గర పెట్టుకున్నాను. ఈ మధ్య ఒకరోజు ఫోన్ వచ్చింది. ఆనాడు చెంపల రంగు తుడుచుకుంటూ అడిగిన అమ్మాయి ఇప్పుడు దేశమంతా తెలిసిన నర్తకి. సభను మళ్ళీ తెరుస్తున్న సందర్భంలో, తమకు పదాలు నేర్పిన తిరుత్తణి అక్కను వేదిక మీదికి పిలిచి రెండు చరణాలు పాడించుకోవాలని ఆమె కోరారట. ఫోన్ చేసింది ఆ పనులు చూసే పడుచుపిల్ల. మాది తెలుగే అంటూ సగం తమిళంలో మాట్లాడింది.

ఆ మాట అత్తకు చెప్పాను. మరుసటి రోజు ఇంట్లో మోటారు వేసి ట్యాంకులోకి నీళ్ళు ఎక్కుతున్నప్పుడు, ఆ మోతలో ఆమె గొంతు వినిపించింది. మోటారు ఆగితే పాట ఆగేది. అట్లా రోజూ. మిరియాల పాలు అడిగి తాగేది. చింతపండు చారు వద్దనేది. పెట్టెలోంచి లక్క రంగు చీర తీస్తే మడతల దగ్గర చిట్లి ఉంది. కట్టుకుంటే చిట్లినవి లోపలికి పోయేలా ఎట్లా కుచ్చులు పోయాలో తానే చూసుకుంది. కొండ మీది స్వామి ఇంతకాలానికి కళ్ళు తెరిచాడని నేను మొక్కుకున్నాను.

మా నాయన ఊళ్ళో మంచం మీద ఉన్నాడు. ఆయన ఆశీర్వాదం కూడా కావాలని ఫోన్ కలిపి అత్త చేతికిచ్చాను. విషయం విని ఆయన దగ్గు ఆపుకున్నాడు.

"పోయిరామ్మే. అవసరంగా పోవద్దు. నిదానంగా పో" అన్నాడు. అని చాలాసేపు నవ్వాడు. నవ్వు దగ్గుగా మారేదాకా అత్త ఫోన్ చెవి దగ్గర పట్టుకునే ఉంది.

ఆదివారం పొద్దున లోకల్ రైలులో పోయాం. సభ ముందర పూలు, ముగ్గులు, పట్టుచీరలు. గోడ పలకల ముందు ఆగి నేను కూడబలుక్కుని చదివి అత్తకు చెప్పాను. కొబ్బరాకు కొట్టాయి ఉంది. రేకుల షెడ్డు ఉంది. ఏసీ పెట్టిన సంగతి గొప్పగా ఉంది, దానితో రసికులకు ఏ అలజడీ లేకుండా పాట వినే భాగ్యం కలిగిందని రాసి ఉంది.

"గోడ పక్క నిలబడినోళ్ళను రాసినారా?" అని అడిగింది అత్త.

"లేదత్తా."

"కిటికీలు ఉన్నట్టన్నా రాసినారా?"

పలక మీది ఫోటోలో చూశాను. ఆ గోడ నున్నగా ఉంది, ఎప్పుడూ కిటికీలే లేనట్టు. లేదని చెప్పాను. ఆమె తల ఊపి ముందుకు నడిచింది.

ఫోన్ చేసిన పిల్ల ఎదురొచ్చి కాళ్ళకు దండం పెట్టింది. చాలా మంచి పిల్ల. అవ్వను తమిళంలో పిలిచినట్టు పాటీ పాటీ అంటూ చెయ్యి పట్టుకుని వేదిక వెనక గదికి తీసుకుపోయింది. గదిలో ఇప్పుడు మెత్తటి సోఫాలు. గోడ మీద టీవీ పెట్టి వేదిక మీద జరిగేది చూపిస్తున్నారు, దాంట్లో శబ్దం లేదు. మంత్రులో ఎవరో మాట్లాడుతున్నారు. అత్త సోఫా అంచున వెన్ను ఆనించకుండా కూర్చుంది. ఆ పిల్లకు ఎవరో చేతిలో వాకీటాకీ పెట్టి ఏదో చెప్పారు. ఆమె బయటికి పోతూ, టీవీలో వేదికను చూసి లేవబోయిన అత్తతో, తన తెలుగులో తను ప్రేమగా చెప్పింది.

"అవసరం లే, పాటీ."

తలుపు మూసుకుంది. తొందర లేదు, మిమ్మల్ని పిలిచేదాకా కూర్చోండి అని ఆ పిల్ల చెప్పింది. నాకు ఆ మాట విన్న క్షణమే తెలిసింది. ఆ పిల్ల తెలుగు మా ఊరి తెలుగే. అత్త తెలుగే ఇప్పుడు మారిపోయింది. సగం లేచినామె పూర్తిగా లేచి నిలబడి, కొంగు సర్దుకుని, సంచి చేతికి తీసుకుంది.

"యాడికత్తా? తొందర లేదని చెప్పింది ఆ పాప. కూచో."

"నాకు తెలుగు నేర్పద్దు అమ్మణ్ణీ. ఆ మాటకు అర్థం నేను ఈడనే కదా నేర్చుకునింది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఉండు, పోయి ఆ పాపనే అడిగి వస్తాను అన్నాను. అడగడమా, ఆ పొద్దు కూడా ఒక మాట అంటేనే కదా అందరూ నగినారు, మళ్ళీ నగేదానికి మనుషులు కావల్లనా వాళ్ళకు అంది. కాదత్తా, నా మాట నమ్ము అన్నాను. అప్పుడు ఆమె నా మొహం చూసి, గొంతు పెంచకుండా చెప్పింది.

"నువ్వూ మీ నాయన బిడ్డవే. తెలిసీ కూచోబెడతావు."

నా చెయ్యి దానంతట అదే జారింది. ఆమె నడిచింది, నేను వెనక నడిచాను. అక్షరం పెట్టిన మనిషి ఏమన్నా అనొచ్చు అని నాకు నేను చెప్పుకుంటూ నడిచాను. ముందు వైపు జనం ఉన్నారని పక్క తలుపు తోసుకుని సందులోకి దిగింది. అది తాత నిలబడిన సందు. గోడకు కొత్త రంగు వేశారు. ఆమె పోతూ పోతూ అరచెయ్యి ఆ గోడకు ఒకసారి ఆనించి తీసేసింది.

రైల్లో ఆదివారం గనక కిటికీ పక్కన చోటు దొరికింది. స్వామి దయ. పెరంబూరు దాటాక నా ఫోన్ మోగింది. ఆ పిల్ల. ఆంటీ, యాడుండారు, వేదిక మీద పాటీ పేరు చెప్పి పిలిచినారు, అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు, కుర్చీ వేసి మైకు కూడా పెట్టినాము, మా డాన్సు మేడమ్ మైకు ముందర నిలబడి ఏం చెప్పేదో తెలీక ఏడుస్తా ఉంది, పాటీ ఎప్పుడొస్తుంది అని ఒకే ఊపిరిలో అడిగింది.

"ఎవరు?" అంది అత్త.

"సభవాళ్ళు. నిన్ను రమ్మంటున్నారు. కుర్చీ వేసినారంట. పోదామా అత్తా? వచ్చే స్టేషన్‌లో దిగి ఎదురు బండి ఎక్కుదాం."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. రైలు ఆగింది, కొందరు దిగారు, కొందరు ఎక్కారు, మళ్ళీ కదిలింది.

"అవసరం లేదని చెప్పు."

చెప్పాను. ఆమె అన్న మాట అన్నట్టే చెప్పాను. ఏ తెలుగులో చెప్పిందో నేను అడగలేదు. అవతల ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. హాయిగా నవ్వింది కూడా.

"సరే ఆంటీ. నిదానంగానే రమ్మనండి. పాటీ వచ్చేదాకా మేము కాచుకోనుంటాం. కుర్చీ అట్లే ఉంచుతాం."

ఫోన్ పెట్టేసింది. ఆ పాప ఏమనింది అని అత్త అడిగింది. కాచుకోనుంటారంట అని చెప్పాను.

ఆమె మొహంలో నేను ఎప్పుడూ చూడనిదొకటి కనిపించింది. నవ్వే అనుకుంటాను. పెళ్ళి పంక్తిలో మా నాయన మొహం మీద కనిపించేది, సరిగ్గా అదే.

"కాచుకోనీ" అంది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఎత్తొద్దంది. తిరువళ్ళూరు దాకా అది మోగుతూ ఆగుతూనే ఉంది. మధ్యలో పచ్చి మామిడి ముక్కలమ్మే ఆమె పెట్టెలోకి వచ్చింది. అత్త పిలిచి, ఒక పొట్లం తీసుకుని, ఇంకా కొంచెం కారం వెయ్యమని, ఇన్ని రోజులుగా ముట్టని ఆ పులుపును పళ్ళ మధ్య పెట్టుకుని కొరికింది.